పాత జర్మన్ పటంలో ఒక ఊరి మతశాఖ తేల్చుకోవడం ఎలా

1600 నాటి జర్మన్ ప్రాంతాల పటం తెరిస్తే క్రైస్తవ శాఖల్లో కాథలిక్కులకో రంగు, లూథరన్లకో రంగు, కాల్విన్ అనుచరులకో రంగు కనిపిస్తాయి. ఊరు ఏ రంగులో పడితే ఆ ఊరిది ఆ శాఖ అని రాసేస్తాం. ‘యథా రాజా తథా ప్రజా’ మన నోట్లో నానిన మాట కాబట్టి, ‘ఎవరి రాజ్యమైతే వారి మతం’ అన్న సూత్రాన్ని కూడా మారు మాట్లాడకుండా నమ్మేస్తాం. తప్పులు అక్కడే మొదలవుతాయి. కాథలిక్, లూథరన్ ప్రభువుల మధ్య కుదిరిన 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందంలో ఆ సూత్రం ఆ మాటల్లో లేనే లేదు. యోఆకిమ్ స్టెఫానీ అనే గ్రైఫ్స్‌వాల్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు చాలా ఏళ్ళ తర్వాత దాన్ని అలా కుదించి చెప్పాడు. అది అక్షరాలా నడిచిన కాలమూ తక్కువే. ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన 1648 ఒప్పందం తర్వాత ప్రభువు ఏ శాఖవాడన్నది రెండో ప్రశ్న. 1624 జనవరి 1న ఆ ఊళ్ళో ఏ ఆరాధన నడిచిందన్నది మొదటి ప్రశ్న.

చరిత్ర వ్యాసాలు రాసేవాళ్ళకీ, అనువాదకులకీ, పాత చర్చి రిజిస్టర్లు తిరగేసేవాళ్ళకీ పనికొచ్చే వరస ఇది. ముందు కాగితం మీద ఎనిమిది గళ్ళు గీసుకోండి: ఊరు, సంవత్సరం, సంస్థానం, పాలకుడి రకం, పాలకుడి శాఖ, ఊళ్ళో నడిచిన ఆరాధన, ఆ ఆరాధనకున్న హక్కు, ఆధారం. ఐదో గడినీ ఆరో గడినీ ఎప్పుడూ కలపకండి. పాలకుడి శాఖ తెలిసింది కదా అని ఆరో గడి నింపేయడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి.

ఊరు ఎవరి కింద ఉంది?

పేరు దగ్గరే మోసపోతాం. ఫ్రాంక్‌ఫర్ట్ రెండున్నాయి, ఒకటి మైన్ నది మీద, ఇంకోటి ఓడర్ మీద. ఊరి పేరు కన్నా సంస్థానం పేరు ఇంకా ఇబ్బంది పెడుతుంది. వారసులు ఆస్తి పంచుకున్నట్టే రాజ్యాన్నీ పంచుకునేవాళ్ళు కాబట్టి ‘సాక్సనీ’, ‘హెస్సె’, ‘బాడెన్’, ‘పాలటినేట్’ అని ఊరికే రాస్తే ఏమీ చెప్పనట్టే. బాడెన్‌నే తీసుకోండి: బాడెన్-డుర్లాఖ్ లూథరన్, పక్కనే ఉన్న బాడెన్-బాడెన్ చివరికి కాథలిక్‌గా స్థిరపడింది. హెస్సెను 1567లో నలుగురు కొడుకులు పంచుకున్నారు. తర్వాత 1605లో కాసెల్ వైపు మోరిట్జ్ కాల్విన్ మార్గం పట్టాడు, డార్మ్‌స్టాట్ వైపు లూథరన్‌గానే ఉండిపోయింది.

సాక్సనీ సంగతి కాస్త నిదానంగా చూడాలి. 1485లో వెట్టిన్ వంశంలో అన్నదమ్ములు ఎర్న్‌స్ట్, ఆల్బ్రెఖ్ట్ రాజ్యాన్ని రెండు చేసుకున్నారు. ఈ సంస్థానాల పైనుండే చక్రవర్తిని ఎన్నుకునే ‘ఎలెక్టర్’ పదవి, విట్టెన్‌బర్గ్ ఎర్న్‌స్ట్ శాఖకు వెళ్ళాయి. లైప్‌జిగ్, డ్రెస్డెన్ ఆల్బ్రెఖ్ట్ శాఖకు వచ్చాయి. లూథరన్లకు పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1517లో పోప్ చర్చి తీరును ఎదిరించి కదిలింది విట్టెన్‌బర్గ్‌లో. అక్కడ ఎలెక్టర్ ఫ్రీడ్రిఖ్ అతన్ని కాపాడుకున్నాడు. ఒకటి రెండు రోజుల నడక దూరంలో ఉన్న లైప్‌జిగ్‌లో మాత్రం డ్యూక్ గెయోర్గ్ 1539లో చనిపోయేదాకా లూథర్ బోధకు చోటివ్వలేదు. అతని తమ్ముడు హైన్‌రిఖ్ గద్దెనెక్కగానే ఆ ఏడాదే లూథర్ మార్గపు చర్చి సంస్కరణ వచ్చింది. అంటే ‘1530లో సాక్సనీ లూథరన్’ అన్న వాక్యం లైప్‌జిగ్ విషయంలో తప్పు. ఇంకో మెలిక: 1547లో మ్యూల్‌బర్గ్ యుద్ధంలో ఎర్న్‌స్ట్ శాఖ ఓడిపోయాక ఎలెక్టర్ పదవి, విట్టెన్‌బర్గ్ రెండూ ఆల్బ్రెఖ్ట్ శాఖవాడైన మోరిట్జ్‌కు దక్కాయి. ‘సాక్సనీ ఎలెక్టర్’ అన్న మాట కనిపిస్తే ముందు సంవత్సరం చూడండి. 1547కు ముందైతే ఒక కుటుంబం, తర్వాతైతే ఇంకో కుటుంబం.

తర్వాత పాలకుడి రకం రాసుకోండి. స్థూలంగా నాలుగు రకాలు: వంశపారంపర్య ప్రభువు, రాజ్యాధికారం కూడా ఉన్న బిషప్ లేదా మఠాధిపతి, నేరుగా చక్రవర్తి కిందే ఉండే సామ్రాజ్య నగరం, అలాగే నేరుగా చక్రవర్తి కిందుండే చిన్న నైట్ కుటుంబం. నైట్ల చేతిలో ఒకటి రెండు ఊళ్ళే ఉండొచ్చు, కానీ 1555 ఒప్పందం వాళ్ళకూ వర్తించింది. దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో పెద్ద కాథలిక్ రాజ్యం నడుమ ఒక్క లూథరన్ పల్లె కనిపిస్తే ముందు నైట్ల భూమేమో చూడండి.

బిషప్‌కు రెండు పటాలుంటాయి. ఒకటి మత పరిధి, అంటే డయోసిస్. ఇంకోటి అతను ప్రభువుగా పన్ను వసూలు చేసుకునే రాజ్యం. రెండో పటం మొదటి దానికన్నా చాలా చిన్నది. ‘వూర్ట్స్‌బర్గ్ డయోసిస్‌లో ఉంది కాబట్టి కాథలిక్’ అనడానికి వీల్లేదు. ఆ డయోసిస్ గీతల లోపల లూథరన్ ప్రభువుల ఊళ్ళు బోలెడు. 1555 ఒప్పందం ఆ ఊళ్ళ మీద బిషప్ మతాధికారాన్ని నిలిపేసింది.

ఇవి కాక పాస్టరును నియమించే హక్కు వేరేగా ఉంటుంది. ఊరి మీద రాజ్యాధికారం ఒకరిది, చర్చికి పాస్టరును చూపించే హక్కు ఇంకొకరిది, దశమభాగం ధాన్యం మరో మఠానిది అయిన చోట్లున్నాయి. గొడవ పడిన రికార్డులు ఎక్కువగా దొరికేది ఇలాంటి ఊళ్ళలోనే, కాబట్టి వీటిని చూసి విసుక్కోకండి.

ఏ కాలపు నియమం వర్తిస్తుంది?

1526కు ముందు చట్టపరంగా ఒకే చర్చి. 1521 వోర్మ్స్ శాసనం లూథర్‌ను బహిష్కరించింది, అమలు మాత్రం ప్రభువు ఇష్టాన్ని బట్టి జరిగింది. 1526లో స్పైయర్‌లో ప్రభువులు, నగరాలు కూడిన సామ్రాజ్య సభ, దేవుడికీ చక్రవర్తికీ ఎలా జవాబు చెప్పుకోగలమనుకుంటే అలా నడుచుకోమని ప్రభువులకు వదిలేసింది. 1529లో అదే ఊళ్ళో జరిగిన సభ ఆ వెసులుబాటు తీసేస్తే ఆరుగురు ప్రభువులు, 14 నగరాలు నిరసన తెలిపాయి. ప్రొటెస్టెంట్లన్న పేరు అక్కడిదే. 1530 జూన్ 25న ఆగ్స్‌బర్గ్‌లో లూథర్ సహచరుడు మెలాంఖ్తాన్ రాసిన విశ్వాస ప్రకటన చదివారు. ఆ పత్రాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత చట్టంలో ‘లూథరన్’ అన్న మాటకు బదులు ‘ఆగ్స్‌బర్గ్ ప్రకటనవారు’ అనే వస్తుంది.

1548 నుంచి 1552 దాకా జాగ్రత్త. మ్యూల్‌బర్గ్ యుద్ధం గెలిచిన చక్రవర్తి ఐదో చార్లెస్ ‘ఇంటెరిమ్’ అనే తాత్కాలిక శాసనం విధించాడు. పాస్టర్లకు పెళ్ళి, ప్రభు భోజనంలో సామాన్య భక్తులకు కూడా ద్రాక్షారస పాత్ర, ఈ రెండూ ఉంచి మిగతా కాథలిక్ ఆచారాలన్నీ వెనక్కి తెచ్చాడు. అందువల్ల 1545లో లూథరన్ అయిన నగరంలో 1549లో మాస్ (కాథలిక్ ఆరాధన) జరిగినట్టు రికార్డు దొరుకుతుంది. అది ఊరు మనసు మార్చుకున్న గుర్తు కాదు. కొన్నిచోట్ల అలా పైపైన నడిపి, 1552 పాసౌ ఒప్పందం రాగానే వదిలేశారు. కాన్‌స్టాన్స్‌కు మాత్రం కోలుకోలేని దెబ్బ తగిలింది. 1548లో సామ్రాజ్య నగర హోదా పోయి ఆస్ట్రియా చేతిలో పడి కాథలిక్ అయిపోయింది.

1555 సెప్టెంబరు 25 ఒప్పందం కింద ప్రభువు కాథలిక్, ఆగ్స్‌బర్గ్ ప్రకటన, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవచ్చు. ప్రజలకు నచ్చకపోతే ఆస్తి అమ్ముకుని, బకాయిలు కట్టి వెళ్ళిపోవచ్చు. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. మీ ఊరు కింది మెలికల్లో దేనిలోనైనా పడుతుందేమో చూడడమే అసలు పని.

కాల్విన్ మార్గానికి ఆ ఒప్పందంలో చోటు లేదు. ఆ మార్గం పట్టిన ప్రభువులు ‘మేమూ ఆగ్స్‌బర్గ్ ప్రకటనవాళ్ళమే’ అని వాదించుకుంటూ నెట్టుకొచ్చారు. 1648దాకా పత్రాల్లో వాళ్ళ శాఖ పేరు సూటిగా కనిపించకపోవడానికి కారణం అదే.

బిషప్ లేదా ఆర్చ్‌బిషప్ ప్రొటెస్టెంట్ అయితే పదవి, రాజ్యం రెండూ వదులుకోవాలి. దీన్ని పరీక్షించింది కొలోన్. ఆర్చ్‌బిషప్, ఎలెక్టర్ కూడా అయిన గెబ్‌హార్డ్ ట్రుఖ్సెస్ 1582 డిసెంబరులో శాఖ మారి, 1583 ఫిబ్రవరిలో ఆగ్నెస్ ఫాన్ మాన్స్‌ఫెల్డ్‌ను పెళ్ళాడి, గద్దె దిగనన్నాడు. బవేరియా వంశపు ఎర్న్‌స్ట్‌ను అతని స్థానంలో ఎన్నుకున్నారు. యుద్ధం 1588 దాకా సాగింది, కొలోన్ కాథలిక్‌గానే మిగిలింది. ఉత్తరాన మాగ్డెబర్గ్, హాల్బర్‌స్టాట్, బ్రెమెన్‌లలో ఇదే నియమం కాగితం మీదే ఉండిపోయింది. అక్కడ లూథరన్ రాకుమారులు ‘అడ్మినిస్ట్రేటర్’ అన్న బిరుదుతో బిషప్ రాజ్యాలను ఏలారు. పాలకుల జాబితాలో ఆ బిరుదు కనిపిస్తే ఊళ్ళో ఆరాధన లూథరన్ అయి ఉండే అవకాశం బలంగా ఉంది, వెతికి రుజువు పట్టుకోండి.

బిషప్ రాజ్యాల్లో ఎప్పటినుంచో లూథరన్‌గా ఉన్న నగరాలనూ నైట్లనూ అలాగే ఉండనిస్తామని చక్రవర్తి తమ్ముడు ఫెర్డినాండ్ విడిగా ఒక హామీ ఇచ్చాడు. దాన్ని ఒప్పందంలో కలపలేదు. కాథలిక్ ప్రభువులు తర్వాత అదసలు చెల్లదన్నారు.

చివరిది సామ్రాజ్య నగరాలు. రెండు శాఖలూ అప్పటికే నడుస్తున్న నగరాల్లో రెండూ ఉండాలి. నగరసభ ఒకదాన్ని వెళ్ళగొట్టడానికి లేదు. డోనావ్యోర్ట్‌లో ఇదే నిప్పు రాజేసింది. 1606లో కాథలిక్కుల ఊరేగింపును అడ్డుకున్నందుకు నగరం మీద చక్రవర్తి బహిష్కారం వేశాడు. 1607 డిసెంబరులో బవేరియా డ్యూక్ మాక్సిమిలియన్ సైన్యంతో వచ్చి ఊరు పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ప్రొటెస్టెంట్ ప్రభువుల కూటమి, 1609లో కాథలిక్ కూటమి ఏర్పడ్డాయి. 1618లో మొదలైన ముప్పై ఏళ్ళ యుద్ధానికి సరంజామా ఇక్కడే సిద్ధమైంది.

1648 తర్వాత: ముందు 1624 చూడండి

1629లో చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ ఇచ్చిన శాసనం, 1552 తర్వాత ప్రొటెస్టెంట్ల చేతిలోకి వెళ్ళిన చర్చి ఆస్తులన్నీ తిరిగివ్వాలంది. ఎవరు ఏ ఏటి స్థితికి వెళ్ళాలన్న బేరం ఆ తర్వాత రెండు దశాబ్దాలు నడిచింది. 1635 ప్రాగ్ ఒప్పందం 1627ను గీతగా పెట్టింది. ప్రొటెస్టెంట్లు 1618 కావాలన్నారు. చివరికి 1648 ఓస్నాబ్రూక్ ఒప్పందంలో 1624 జనవరి 1 దగ్గర ఆగారు. ఆ రోజున ఏ చర్చి ఎవరి చేతిలో ఉంటే ఇక మీదట అది వాళ్ళదే. ప్రభువు మారినా, ప్రభువు శాఖ మారినా అంతే. కాల్విన్ అనుచరులకూ అప్పుడే చట్టంలో చోటు దొరికింది.

కాబట్టి 1650 తర్వాతి ఊరికి ఆరో గడి నింపాలంటే 1624 దగ్గరి ఆధారం వెతకాలి. యుద్ధం మధ్యలో, ఊరు రెండు మూడు సైన్యాల చేతులు మారిన కాలం కాబట్టి, 1618 పటాన్నో 1648 పటాన్నో చూసి ఊహించడం కుదరదు.

ఏడో గడిలో హక్కు స్థాయి రాయాలి. ఒప్పందం మూడు మెట్లు పెట్టింది: బహిరంగ ఆరాధన, ప్రైవేటు ఆరాధన, ఇంటి వరకే భక్తి. 1624లో ఏ హక్కూ లేనివాళ్ళకు కూడా చివరి మెట్టు ఉంది. ఇంట్లో ప్రార్థించుకోవచ్చు, పక్క సంస్థానంలో చర్చికి వెళ్ళి రావచ్చు, పిల్లలను బయటి బడికి పంపొచ్చు, ఇంటికి ఉపాధ్యాయుణ్ణి పిలిపించుకోవచ్చు. ప్రభువు వెళ్ళిపొమ్మంటే అప్పటికే ఉన్నవాళ్ళకు ఐదేళ్ళు, తర్వాత శాఖ మారినవాళ్ళకు మూడేళ్ళు గడువివ్వాలి. సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ ఫిర్మియన్ 1731లో లూథరన్లను వెళ్ళగొట్టినప్పుడు ఆస్తి లేనివాళ్ళకు ఎనిమిది రోజులే ఇచ్చాడు. సుమారు 20,000 మంది కదిలారు, ఎక్కువమందిని ప్రష్యా రాజు తన తూర్పు ప్రాంతాల్లో స్థిరపరిచాడు. అంత అల్లరి కావడానికి సగం కారణం ఆ గడువు ఉల్లంఘనే.

1624 నియమం పనిచేయని చోట్లు నాలుగు గుర్తుంచుకుంటే చాలు. పాలటినేట్‌కు గీత 1618. హాబ్స్‌బర్గ్ సొంత రాజ్యాలకు నియమం దాదాపు వర్తించదు. సిలేసియాలో చక్రవర్తి నేరుగా ఏలిన భాగాల్లో లూథరన్లకు మూడే చర్చిలు ఇచ్చారు: ష్వైడ్నిట్జ్, యావర్, గ్లోగావ్. అవి కోటగోడ బయట కట్టాలి, రాయి వాడకూడదు, కలప, మట్టి మాత్రమే, గోపురం ఉండకూడదు, ఏడాదిలో పూర్తి కావాలి. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ష్వైడ్నిట్జ్ చర్చిలో సుమారు 7,500 మంది పడతారు. మట్టి గోడల కట్టడంలో అంతమందిని ఇరికించాల్సి వచ్చిందంటే చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళకు అదొక్కటే దిక్కో ఊహించుకోవచ్చు.

నాలుగోది ఓస్నాబ్రూక్. అక్కడ ఒకసారి కాథలిక్ బిషప్, ఆ తర్వాత బ్రౌన్‌ష్వైక్-ల్యూనెబర్గ్ వంశపు లూథరన్ రాకుమారుడు, ఇలా వంతులు. లూథరన్ ఏలినప్పుడు కాథలిక్కుల మత వ్యవహారాలు కొలోన్ ఆర్చ్‌బిషప్ చూసుకునేవాడు. పారిష్‌ల స్థితి మాత్రం వంతులతో మారేది కాదు. ఆ పద్ధతి ఎంత మొక్కుబడిగా తయారైందంటే, 1764లో ఎన్నికైన ‘బిషప్’ ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ కొడుకు ఫ్రెడరిక్. వయసు ఆరు నెలలు.

ప్రభువు శాఖ మారితే?

1613 క్రిస్మస్‌కు బ్రాండెన్‌బర్గ్ ఎలెక్టర్ యోహాన్ సిగిస్‌మండ్ కాల్విన్ పద్ధతిలో రొట్టె తీసుకున్నాడు. జనం కదల్లేదు. 1615లో బెర్లిన్‌లో చర్చి నుంచి బొమ్మలు తీయించబోతే అల్లర్లయ్యాయి. ఎలెక్టర్ తగ్గి, ప్రజల్ని బలవంతపెట్టనని హామీ ఇచ్చాడు. అప్పటి నుంచి బ్రాండెన్‌బర్గ్‌లో దివాణం ఒక శాఖ, దేశం ఒక శాఖ. సాక్సనీ ఎలెక్టర్ ఆగస్ట్ 1697లో పోలండ్ కిరీటం కోసం కాథలిక్ అయ్యాడు. సాక్సనీ లూథరన్‌గానే ఉంది. అతని భార్య క్రిస్టియానె ఎబర్‌హార్డినె శాఖ మారనూ లేదు, పోలండ్ వెళ్ళనూ లేదు. సామ్రాజ్య సభలో ప్రొటెస్టెంట్ల బృందానికి నాయకత్వం కూడా సాక్సనీ దగ్గరే ఉండిపోవడం చూస్తే నవ్వొస్తుంది. వూర్టెంబర్గ్‌లో 1733లో కాథలిక్ డ్యూక్ వచ్చినా దేశం లూథరనే.

ఇలాంటి చోట్ల ఐదో గడి, ఆరో గడి రెండు వేర్వేరు సమాధానాలతో నిండాలి. రెండూ ఒకటే వచ్చాయంటే ఇంకోసారి చూసుకోండి.

హైడెల్‌బర్గ్: ఒక ఊరిని ఏడాది వారీగా చూడడం

పాలటినేట్ రాజధాని హైడెల్‌బర్గ్ మీద చేయి తిరిగితే మిగతావి తేలికే. 1556లో ఎలెక్టర్ ఒట్టైన్‌రిఖ్ లూథరన్ ఆరాధన ప్రవేశపెట్టాడు. 1559లో వచ్చిన మూడో ఫ్రీడ్రిఖ్ కాల్విన్ వైపు మొగ్గి 1563లో మత విశ్వాసాలను ప్రశ్న, జవాబులుగా నేర్పే హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి అచ్చువేయించాడు. 1576లో కొడుకు ఆరో లుడ్విగ్ మళ్ళీ లూథరన్, పాత పాస్టర్లు, ఆచార్యులు మూటాముల్లె సర్దుకున్నారు. 1583లో అతను పోగానే తమ్ముడు యోహాన్ కాసిమిర్ మళ్ళీ కాల్విన్ మార్గం. 1550లో పుట్టినవాడు 33 ఏళ్ళు వచ్చేసరికి నాలుగు మార్పులు చూశాడు. ‘ఎవరి రాజ్యమైతే వారి మతం’ నిజంగా ఎలా ఉంటుందో తెలియాలంటే చూడాల్సిన ఊరు ఇదే.

1622లో కాథలిక్ కూటమి సేనాని టిల్లీ సైన్యం ఊరు పట్టుకున్నాక కాథలిక్ పాలన వచ్చింది, ఎలెక్టర్ల ప్రసిద్ధ గ్రంథాలయం మరుసటి ఏడాది రోముకు తరలిపోయింది. 1633 తర్వాత కొద్దికాలం స్వీడన్ వాళ్ళది. 1648 ఒప్పందంతో పాత ఎలెక్టర్ వంశపు కార్ల్ లుడ్విగ్ తిరిగొచ్చి కాల్విన్ మార్గాన్ని నిలబెట్టాడు. ఇక్కడ గీత 1618 కావడం వల్లే అది సాధ్యమైంది. 1624 అయితే ఊరు కాథలిక్ కిందికి వెళ్ళేది.

1685లో వంశం అంతరించి నోయ్‌బర్గ్ కుటుంబపు కాథలిక్ ప్రభువులు వచ్చారు. దానికి తోడు ఫ్రాన్స్‌తో యుద్ధాన్ని ముగించిన 1697 రైస్విక్ ఒప్పందంలో ఒక వాక్యం చేరింది: ఫ్రెంచి ఆక్రమణలో కాథలిక్ ఆరాధన మొదలైన చోట్ల అది కొనసాగాలి. 1705లో ఎలెక్టర్ చర్చిలను ఏడింట ఐదు కాల్విన్ వాళ్ళకు, రెండు కాథలిక్కులకు పంచాడు. ఊరి నడిబొడ్డునున్న హైలిగ్‌గైస్ట్ చర్చిని ఎవరికీ ఇవ్వలేక మధ్యలో అడ్డగోడ కట్టారు. జనం కూర్చునే పొడవాటి భాగం కాల్విన్ వాళ్ళకు, బలిపీఠం ఉన్న భాగం కాథలిక్కులకు. 1719లో ఎలెక్టర్ కార్ల్ ఫిలిప్ గోడ కొట్టించి మొత్తం తనదన్నాడు. మాస్‌ను విగ్రహారాధన కింద తిట్టిన 80వ ప్రశ్న ఉందని ప్రశ్నోత్తరిని కూడా నిషేధించాడు. ప్రష్యా, హానోవర్, హెస్సె-కాసెల్ ఊరుకోలేదు. తమ రాజ్యాల్లో కాథలిక్ చర్చిలను మూయించి ఒత్తిడి తెచ్చాయి. చర్చి తిరిగిచ్చేశాడు, గోడ మళ్ళీ లేచింది, 1720లో ఎలెక్టర్ అలిగి రాజధానిని మాన్‌హైమ్‌కు మార్చేశాడు. గోడ 1936 దాకా ఉంది.

‘1725లో హైడెల్‌బర్గ్ ఏ శాఖ?’ అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్క మాటలో లేదు. ప్రభువు కాథలిక్, పెద్ద చర్చిలో సగం కాల్విన్, సగం కాథలిక్. ఆరో గడిలో అలాగే రాయాలి.

ఆధారం ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి?

మూడు రకాల కాగితాలు అక్కరకొస్తాయి. ప్రభువు జారీ చేసిన చర్చి నియమావళి ఏది ఆజ్ఞాపించారో చెబుతుంది, ఏం జరిగిందో చెప్పదు. తనిఖీ నివేదికలు ఏం జరిగిందో చెబుతాయి. సాక్సనీలో 1520ల చివర మొదలైన ఈ తనిఖీల్లో ఊరూరా తిరిగి పాస్టరు చదువు, జీతం, చర్చి భూములు, జనానికి ప్రశ్నోత్తరి వచ్చో రాదో రాసుకునేవాళ్ళు. మూడోది బాప్తిస్మం, పెళ్ళి, మరణాల రిజిస్టర్లు. ఇవి ఇప్పుడు స్కాన్ అయి దొరుకుతున్నాయి. ప్రొటెస్టెంట్ రిజిస్టర్లకు ‘ఆర్కియాన్’, కాథలిక్ రిజిస్టర్లకు ‘మాట్రికులా’ వెబ్‌సైట్లు ముందు చూడండి. యుద్ధంలో కాలిపోయినవి చాలా ఉన్నాయి కాబట్టి 1650కి ముందువి లేకపోతే ఆశ్చర్యపడకండి.

శాఖను పసిగట్టడానికి అన్నిటికన్నా త్వరగా పనిచేసే గుర్తు, బడిలో ఏ ప్రశ్నోత్తరి చెప్పించారన్నది. 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి అయితే లూథరన్, 1563 నాటి హైడెల్‌బర్గ్‌ది అయితే కాల్విన్, కనీసియుస్ రాసినది అయితే కాథలిక్. తర్వాత చర్చిలోని సామాను జాబితా చూడండి. లూథరన్లు బలిపీఠం, సిలువ, బొమ్మలు చాలావరకు ఉంచుకున్నారు, పలచటి అప్పం వాడారు. కాల్విన్ వాళ్ళు వాటిని తీసేసి బల్ల వేసి మామూలు రొట్టె విరిచారు. కేవలం బొమ్మలున్నాయని కాథలిక్ అనుకుంటే బోల్తా పడతారు. భక్తులకు ద్రాక్షారసం ఇచ్చారన్న ఒక్క ఆధారంతో లూథరన్ అనుకోవడమూ ప్రమాదమే. కాథలిక్ బవేరియాలో పోప్ అనుమతితోనే 1564 నుంచి 1571 దాకా అలా ఇచ్చారు. పాస్టరుకు భార్యాపిల్లలున్నారన్నది ఇంకా బలహీనమైన ఆధారం. ఆ శతాబ్దంలో కాథలిక్ పల్లె పూజారుల్లోనూ అది మామూలే. రెండు గుర్తులు కలిస్తే తప్ప గడి నింపకండి.

తేదీలు చూసేటప్పుడు కాలెండరు గుర్తుండాలి. కాథలిక్ ప్రాంతాలు 1582 తర్వాత కొద్ది ఏళ్ళలో గ్రెగోరియన్ కాలెండరుకు మారాయి, ప్రొటెస్టెంట్లు పోప్ కాలెండరు వద్దన్నారు. రెండింటికీ పది రోజుల తేడా. ల్యుట్జెన్ యుద్ధం ప్రొటెస్టెంట్ రికార్డుల్లో 1632 నవంబరు 6, కాథలిక్ రికార్డుల్లో నవంబరు 16. ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో 1700 ఫిబ్రవరి 18 మర్నాడు మార్చి 1 వచ్చింది. ఆ ఏటి రిజిస్టరులో ఫిబ్రవరి చివర ఖాళీ కనిపిస్తే పేజీ చిరిగిపోయిందని అనుకోకండి. ఒకే వీధిలో రెండు శాఖలున్న ఆగ్స్‌బర్గ్‌లో 1584లో ఈ కాలెండరు మీదే అల్లర్లు జరిగాయి.

ఆగ్స్‌బర్గ్ లాంటి ఉమ్మడి నగరాలు ప్రత్యేకం: ఆగ్స్‌బర్గ్, బీబెరాఖ్, రావెన్స్‌బర్గ్, డింకెల్స్‌బ్యూల్. 1648 తర్వాత వీటిలో నగర పదవులు రెండు శాఖలకూ లెక్కప్రకారం పంచారు. వీటి కోసం ఆరో గడిని రెండుగా చీల్చి, ఏ చర్చి ఎవరిదో విడివిడిగా రాయండి.

మన వైపు నుంచి ఒక అభ్యాసం

మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చి, తిరిగి వెళ్ళాక 1740ల్లో హాలే నగరంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేయించిన బెంజమిన్ షుల్ట్జె పేరు చాలామంది వినే ఉంటారు. సాలె నది ఒడ్డున ఉన్న ఆ హాలేతో గళ్ళు నింపి చూడండి. సంస్థానం: మాగ్డెబర్గ్ ఆర్చ్‌బిషప్ రాజ్యం. 1517లో ప్రభువు కార్డినల్ ఆల్బ్రెఖ్ట్, లూథర్ దుయ్యబట్టిన పాపక్షమాపణ పత్రాల అమ్మకంలో వాటా ఉన్నవాడు. 1541లో అతను ఊరు వదిలాక యుస్టుస్ యోనాస్ వచ్చి లూథరన్ ఆరాధన మొదలుపెట్టాడు. తర్వాత అడ్మినిస్ట్రేటర్ల పాలన. 1648 ఒప్పందం ఈ రాజ్యాన్ని బ్రాండెన్‌బర్గ్‌కు రాసిచ్చింది, కానీ అప్పుడున్న అడ్మినిస్ట్రేటర్, సాక్సనీ వంశపు ఆగస్ట్, బతికున్నంతకాలం అతనిదే. 1680లో చేతికొచ్చింది. కాబట్టి షుల్ట్జె నాటికి ఐదో గడి: బ్రాండెన్‌బర్గ్‌నూ ప్రష్యానూ ఏలే కాల్విన్ మార్గపు రాజు. ఆరో గడి: లూథరన్. తనకు పట్టు లేని లూథరన్ చర్చిలో పాత పాస్టర్లకు పోటీగా ఫ్రాంకె లాంటి భక్తి ఉద్యమకారులను బెర్లిన్ దివాణం ఎందుకు చేరదీసిందో ఈ రెండు గళ్ళు పక్కపక్కన చూస్తే సగం అర్థమవుతుంది.

రెండో అభ్యాసం హెల్మ్‌స్టెట్, 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హేయర్ పుట్టిన ఊరు. సంస్థానం బ్రౌన్‌ష్వైక్-వోల్ఫెన్‌బ్యుట్టెల్. 1542లో ప్రొటెస్టెంట్ కూటమి ఆక్రమించి సంస్కరణ తెచ్చింది. 1547లో డ్యూక్ హైన్‌రిఖ్ తిరిగొచ్చి కాథలిక్ ఆరాధన నిలబెట్టాడు. 1568లో కొడుకు యూలియుస్ లూథరన్‌గా మార్చాడు. 1550కి, 1570కి గళ్ళు వేర్వేరుగా వస్తేనే సరిగ్గా చేసినట్టు.

ఈ వరస 1803 దాకానే పనికొస్తుంది. ఆ ఫిబ్రవరిలో బిషప్ రాజ్యాలను రద్దుచేసి పక్క ప్రభువులకు పంచేశారు, కాథలిక్ ఊళ్ళు ప్రొటెస్టెంట్ రాజ్యాల్లోకి, ప్రొటెస్టెంట్ ఊళ్ళు కాథలిక్ బవేరియాలోకి వచ్చి పడ్డాయి. ఇప్పటి జర్మనీలో ఉంటున్నవాళ్ళు సెలవుల జాబితా చూసి వెనక్కి లెక్కకట్టాలని చూస్తుంటారు. బవేరియాలో ఆగస్టు 15 మరియమాత పండుగ సెలవు కాథలిక్కులు ఎక్కువున్న మునిసిపాలిటీలకే, ఆగ్స్‌బర్గ్‌కు ఒక్కదానికే ఆగస్టు 8 శాంతి పండుగ సెలవు. ఆగస్టు 8 నిజంగానే ఆ కాలానిది, 1650 నుంచి జరుపుతున్నారు. ఆగస్టు 15 జాబితా మాత్రం ఇప్పటి జనాభా లెక్కను బట్టి చేసింది. 1945 తర్వాత తూర్పు నుంచి వచ్చిన లక్షల మంది కాందిశీకులతో ఎన్నో ఊళ్ళ పాళ్ళు మారిపోయాయి. దాన్ని ఎనిమిదో గడిలో ఆధారంగా రాయకండి.